ఎనిమిది గంటల మోటారు

మా తాత పోచన్న ఎడమ మోకాలు సగమే వంగుతుంది. అంతకు మించి వంచమంటే మోకాలికి బదులు ఆయన మొహం వంకర పోతుంది. 1991లో ఒమాన్ దేశంలోని ఇబ్రాలో బడి కడుతుండగా పరంజా మీంచి జారి ఇసుక కుప్ప పక్కన పడ్డాడు. కుప్ప మీదే పడి ఉంటే దులుపుకుని లేచేవాడు. జానెడు తేడాలో పక్కన పడటం తాతకు పుట్టుకతో వచ్చిన విద్య.

అప్పటికి ఆయన ఎవరికీ తాత కాదు. నలభై రెండేళ్ల మనిషి, మెట్‌పల్లి పక్క పల్లె నుంచి ఒమాన్ వచ్చి ఐదేళ్లయింది. కాలు ఆ మాత్రం అతుక్కున్నాక కంపెనీ ఆయన్ని ఘాలాలో ఉన్న యార్డుకు పంపింది. అక్కడ జనరేటర్లు, నీళ్ల పంపులు, సామాను ఎత్తే ఫోర్క్‌లిఫ్టులు ఉండేవి. పొద్దున ఆరింటికి గేటు తెరవాలి, బ్యాటరీల్లో నీళ్లు చూడాలి, చార్జింగు పెట్టాలి. లైట్ డ్యూటీ అని దానికి పేరు. మూడేళ్లు తిరిగేసరికి తాత ఆ యార్డులో బ్యాటరీలకు పెద్దదిక్కయ్యాడు. ఏ బ్యాటరీకి ఎప్పుడు దాహమేస్తుందో చూడకుండానే చెప్పేవాడు. మా అవ్వ ముత్తవ్వకు ఎప్పుడు కోపమొస్తుందో మాత్రం ఇప్పటికీ పసిగట్టలేడు.

చిక్కంతా దారితో వచ్చింది. లేబర్ క్యాంపు ఒక చివర, యార్డు కొండ పక్క మెరక మీద ఇంకో చివర, మధ్యన నాలుగు కిలోమీటర్ల మట్టి రోడ్డు. కంపెనీ బస్సు సైట్ల వైపు పోతుంది, ఇటు రాదు. మూడేళ్లూ ఒక పికప్పు బండి తాతను పొద్దున దింపి సాయంత్రం తెచ్చేది. 1994 ఏప్రిల్ ఆఖర్లో ఆ పికప్పునూ దాని డ్రైవరునూ అల్ సువైక్‌లో కొత్త సైటుకు పంపేశారు. తాత రెండు రోజులు నడిచాడు. మూడో రోజు మోకాలు ఉబ్బి తాటికాయంత అయింది, మంచం దిగనివ్వలేదు. గేటు తొమ్మిదింటికి తెరుచుకుంది, అదీ ఇంకెవరో వచ్చి తాళం పగలగొడితే.

యార్డు సూపర్‌వైజరు ఖల్ఫాన్ ఒమానీ. చెడ్డవాడు కాదు గానీ గడియారం మనిషి. తెల్లటి దిష్‌దాషా అంగీ చేతిని పైకి లాగి వాచీ చూపించి, తనకొచ్చిన హిందీలో విషయం తేల్చేశాడు.

"ఏక్ మహీనా, పోచన్న. జూన్ ఒకటో తారీఖ్ మై ఆతా. ఛే బజే గేట్ బంద్, తో ఖలాస్. అన్‌ఫిట్, క్యాన్సల్."

నెల గడువు. జూన్ ఒకటిన తనే వచ్చి చూస్తాడు. ఆరింటికి గేటు మూసి ఉంటే కాగితం మీద అన్‌ఫిట్ అని రాస్తాడు, వీసా క్యాన్సల్. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే మళ్లీ ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కనివ్వదని తాతకు తెలుసు. ఊళ్లో ఇంటి గోడలు కిటికీల ఎత్తు దాకా లేచి ఆగిపోయాయి. ఆ గోడల మధ్య మేకను కట్టేస్తున్నానని అవ్వ ఉత్తరం రాయించింది. ఆ మేకను బయటికి పంపి పైకప్పు వేయాలంటే తాతకు ఇంకో నాలుగేళ్ల డ్యూటీ కావాలి.

సైకిలు తొక్కుదామంటే మోకాలు ఒప్పదు. ఎవరి బండి దొరికితే వాళ్లను బతిమాలుకుంటూ ఒక వారం నెట్టాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఫోర్క్‌లిఫ్టు చప్పుడు లేకుండా తన పక్కనుంచి జారిపోవడం చూసి తాత చేతిలోని నీళ్ల సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సాయంత్రం రూములో ప్రకటించాడు.

"నేను కరెంటు సైకల్ జేస్త."

రూములో ఆరుగురు. అందరికంటే ముందు నోరు లేచేది అంకయ్యది. నెల్లూరు వైపు మేస్త్రీ, గోడ ఎంత తిన్నగా కడతాడో మాట అంత వంకరగా విసురుతాడు.

"మంచిదయ్యా పోచన్నా. వైరు ఎంత పొడుగు కావాల? క్యాంపులో ప్లగ్గు పెడితే యార్డు దాకా రావాల గదా."

"నీ నాలిక పొడుగంత ఉంటె సాలు తియ్యి," అన్నాడు తాత.

మర్నాడే క్యాంపు గోడ వెనక తుప్పు పట్టి పడి ఉన్న ఒక బరువైన నల్ల సైకిలును సంపాదించాడు. దాన్ని వదిలేసి పోయిన మనిషి ఢాకా చేరి ఏడాదయింది. ఇక కావాల్సినవి మూడే: తిప్పడానికి మోటారు, తిప్పించడానికి బ్యాటరీ, రెండింటినీ అదుపులో పెట్టే కంట్రోలు. మూడే కదా అనుకున్నాడు తాత. బియ్యం, నీళ్లు, నిప్పు మూడే కదా అనుకుని ఆయన వండిన అన్నం రూములో వాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదట.

శుక్రవారాలు సెలవు. ఘాలాలో గ్యారేజీల వరస వెనక స్క్రాప్ దుకాణాలు ఉండేవి. తాతకు అక్కడ తోడు ఖమరుద్దీన్, కడప వైపు నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్. తాతకంటే పదేళ్లు చిన్న, ఓపికలో ఇరవై ఏళ్లు పెద్ద. మొదటి శుక్రవారం తాత ఒక లారీ వైపర్ మోటారును ఎత్తి చూపించాడు.

"భాయ్, గిది జూడు. బలమున్నది. చేత్తోటి ఆపుదమన్న ఆగుతలేదు."

"బలముండాది గానీ నడకెట్లన్నా? నిమిషానికి నలభై సుట్లు. దీని మింద కూచుంటే నీకంటే నీ నీడ ముందు పోతాది."

తాత దాన్ని వదిలి రేడియేటర్ ఫ్యాన్ మోటారు పట్టుకున్నాడు. అది తేనెటీగలా గుయ్యిమని తిరిగింది. తాత మురిసిపోయి కొనుక్కుని వచ్చి సైకిలుకు కట్టాడు. చక్రం గాల్లో ఉన్నంతసేపు భలే తిరిగింది. చక్రం నేలకు ఆనగానే గుయ్యిమనడం మానేసి మూలిగింది. గాలిని తోయడానికి పుట్టినదానికి పోచన్నను తోయమంటే ఏం చేస్తుంది?

రెండో శుక్రవారం తాతకు కోపమొచ్చింది. కోపంలో పెద్ద స్టార్టర్ మోటారు తెచ్చాడు. లారీ ఇంజనునే తిప్పుతుంది, నన్ను తిప్పదా అని లెక్క. కంట్రోలు కూడా స్టార్టరుదే: బటన్ నొక్కితే మొత్తం కరెంటు, వదిలితే సున్నా. ఖమరుద్దీన్ వద్దన్నాడు. తాత విన్నాడు, విని బిగించాడు.

క్యాంపు ముందు ఖాళీ జాగాలో రూము రూమంతా చేరింది. తాత ఎక్కి కూర్చుని, తువ్వాలు నడుముకు చుట్టుకుని బటన్ నొక్కాడు. సైకిలు ముందుకు దూకింది. తాత మాత్రం దూకలేదు, ఉన్నచోటే కాసేపు గాల్లో ఉండి తర్వాత నేల మీద కూర్చున్నాడు. సైకిలు ఒంటరిగా పోయి నీళ్ల ట్యాంకరు టైరును గుద్దుకుంది. చెయిను తెగి అంకయ్య కాళ్ల దగ్గర పడింది.

అంకయ్య చెయిను తీసి మర్యాదగా తెచ్చిచ్చాడు. "ఏమయ్యా, బండికి డ్యూటీ టైమైనట్టుంది. నీకింకా కాలేదా?"

తాత లేచి, దులుపుకుని, కొత్త చెయిను వేసి మళ్లీ ఎక్కాడు. ఆయన్ను చూసి ఎంత నవ్వినా ఈ ఒక్క సంగతి ఒప్పుకోవాలి: పడ్డచోట ఎక్కువసేపు కూర్చోడు. ఈసారి కాలితో కొంచెం తోసి, బండి కదిలాక బటన్ నొక్కాడు. వంద గజాలు పోయాడు. నూటొకటో గజం దగ్గర మోటారు నుంచి పొగ వచ్చింది. స్టార్టరు నీళ్లలో పడ్డ బెల్లంలా లోపల కరిగిపోయింది.

ఆ సాయంత్రం తాత కాలిన మోటారును ఒళ్లో పెట్టుకుని రూము మెట్ల మీద కూర్చున్నాడు. ఖమరుద్దీన్ చాయ్ తెచ్చి పక్కన కూర్చున్నాడు. తాత కాలిన మోటారును గోటితో తట్టాడు.

"భాయ్, మా సైటుమీద ఇద్దరుండేటోళ్లు. ఒకడు సిమెంటు బస్త ఎత్తుకోని ఉర్కుడే ఉర్కుడు. పది బస్తలకు కూలవడేటోడు. ఇంకోడు పొద్దుగాల ఏ నడ్క నడుత్తడో పొద్దుమీకి గదే నడ్క. ఫోర్‌మన్ ఉర్కెటోన్ని మెచ్చుకునేది, పని మాత్రం నడ్శెటోనితోటి అయ్యేది."

"అయితే?"

"గీ స్టార్టరు ఉర్కెటోడు. మూడు సెకన్లు పనిజేసి పండుకునేటందుకు పుట్టిండు. నాకు ఎన్మిది గంటలు డ్యూటీ జేసే మోటర్ గావాలె."

ఖమరుద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పదిహేనేళ్లుగా మోటార్లు విప్పుతున్న మనిషికి ఆ మాట కొత్తగా వినిపించింది. "అట్లాంటిది యాడుంటాది? బ్యాటరీ మింద దినమంతా నడిసేది?"

తాత అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. రువీ బజారులో ఒక పెద్ద దుకాణంలో నున్నటి నేల కడిగే మిషను చూశాడు. ఒకతను దాని వెనక నిద్రపోతున్నవాడిలా నడుస్తూ ఉంటే అది బ్రష్షులు తిప్పుకుంటూ, నీళ్లు పీల్చుకుంటూ, తన బరువును తనే లాక్కుంటూ పోతోంది. తాత సబ్బు కొనుక్కుని వచ్చి, బయట బస్సు కోసం గంటన్నర కూర్చుంటే అది అప్పటికీ నడుస్తూనే ఉంది.

మూడో శుక్రవారం స్క్రాప్ దుకాణాలన్నీ వెతికితే అలాంటి మిషను ఒకటి, బ్రష్షులు లేనిది, ఫ్రిజ్జుల కుప్ప కింద దొరికింది. అడుగున చక్రాలు తిప్పే మోటారు, ఇరవై నాలుగు వోల్టులది, దానికే అంటుకుని ఒక చిన్న గేరుపెట్టె. లోపలి పళ్లు మోటారు జోరును తగ్గించి బలంగా మార్చి బయటికిస్తాయి. ఖమరుద్దీన్ రెండు వైర్లు తగిలించాడు. అది గుయ్యిమనలేదు, దూకలేదు. 'ఊఁ' అని మెల్లగా తిరిగింది, ఎవరో పిలిస్తే పలికినట్టు.

"వీడే," అన్నాడు తాత.

బ్యాటరీల విషయంలో ఎవరి సలహా అక్కర్లేదు. అది ఆయన సొంత రాజ్యం. ఖమరుద్దీన్ రెండు కారు బ్యాటరీలు ఇస్తానంటే తాత తల అడ్డంగా ఊపాడు. కారు బ్యాటరీ ఒక్క గుక్కలో ఎక్కువ కరెంటు ఇచ్చి, వెంటనే మళ్లీ నింపించుకుంటుంది. లోపలి పలకలు పల్చన. రోజూ సగం దాకా ఖాళీ చేస్తే కొన్నాళ్లకే చస్తుంది. అదే నేల కడిగే మిషను బ్యాటరీలకు పలకలు మందం, మెల్లగా ఇస్తూ ఇస్తూ పోతాయి. తాత వాటిని చేత్తో ఎత్తి చూసేవాడు. ఒకే సైజులో ఏది ఎక్కువ బరువుంటే దానిలో సీసం ఎక్కువ, అది మంచిది. మిషనులో దొరికిన నాలుగు పన్నెండు వోల్టుల బ్యాటరీలనూ యార్డుకు తెచ్చి, ఏసీ కింద బకెట్టు పెట్టి పట్టిన నీళ్లు పోసి, మూడు రోజులు చార్జింగు పెట్టాడు. తర్వాత పరీక్ష. ఒక్కోదానికి ఒక లారీ హెడ్‌లైటు బల్బు తగిలించి, పక్క మసీదులో మధ్యాహ్నం అజాన్ వినపడగానే వెలిగించాడు. మూడు గంటల తర్వాత వచ్చే అసర్ నమాజు అజాన్ దాకా ఆరకుండా నిలిచినవి పాసు. నాలుగింటిలో రెండు పాసయ్యాయి. మా ఇంట్లో పరీక్షలు రాసిన వాళ్ల లెక్క కూడా అంతే కాబట్టి తాతను ఎవరూ తప్పు పట్టలేరు.

ఇక కంట్రోలు. ఈరోజుల్లో అయితే అరచేతిలో పట్టే డబ్బాలో దొరుకుతుంది. అప్పుడు ఘాలాలో అడిగితే నవ్వేవాళ్లు. తాత ఒక పగలంతా జనరేటరు షెడ్డులో గోడను చూస్తూ గడిపాడు. గోడకు చేంజోవర్ స్విచ్చు ఉంది: పిడి పైకి వేస్తే ఊరి కరెంటు, కిందికి వేస్తే జనరేటరు, మధ్యలో ఉంచితే ఏదీ లేదు. రెండూ ఒకేసారి తగలడం ఆ స్విచ్చులో కుదరదు. తాత ఖమరుద్దీన్ దగ్గరికి పోయి నేల మీద పుల్లతో గీసి చూపించాడు.

"పిడి మీదికి ఏస్తె రెండు బ్యాటరీలు పక్కపక్కన నిలవడాలె. పన్నెండు వోల్టులు, మెల్లగ. కిందికి ఏస్తె ఒకదాని ఎనుక ఒకటి నిలవడాలె. ఇరవై నాలుగు, జోరు. నడుమ ఉంచితె బందు. అయితదా?"

ఖమరుద్దీన్ ఆ గీతల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అవుతాదన్నా," అన్నాడు నిదానంగా. "నువ్వు యాడ సదువుకున్యావు?"

"నాలుగు దాక. సారు కొట్టిండని ఐదుల వోలేదు."

చిన్న సైజు చేంజోవర్ స్విచ్చు ఒకటి సైకిలు కడ్డీకి బిగిసింది. బ్యాటరీలు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి, గాడిద మీద మూటల్లా వేలాడాయి. మోటారు గేరుపెట్టె పళ్లచక్రం నుంచి వెనక చక్రానికి ఇంకో చెయిను. పెడళ్లు అలాగే ఉంచాడు, అవసరమైతే కుడికాలితో ఒక తొక్కు తొక్కడానికి.

మే ఇరవై ఐదున బండి నడిచింది. మెల్లగా కదిలి, పిడి కిందికి పడగానే గంటకు పాతిక కిలోమీటర్లు పోయింది. తాత లెక్కలో నలభై, కానీ ఖమరుద్దీన్ మాటే నమ్మాలి. క్యాంపు మలుపు దగ్గర కంపెనీ బస్సు బయల్దేరుతుంటే తాత దాన్ని దాటేశాడు. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి ఈలలు వేశారు. అంకయ్య నోట కాసేపు మాట రాలేదు. ఆ కాసేపు కోసమే మళ్లీ మళ్లీ దాటాలని తాతకు అప్పుడే కోరిక పుట్టింది.

యార్డు చేరి మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. పెనం లాగా ఉంది.

ఇక్కడ తాత చేసిన పని ఇంజనీరు ఎవడూ చేయడు, సైటు మీద ఐదేళ్లు పనిచేసినవాడు మాత్రమే చేస్తాడు. ఇబ్రాలో ఎండ కింద నీళ్ల క్యాన్‌కు గోనె సంచి చుట్టి తడిపేవాళ్లు. గాలి తగిలితే లోపలి నీళ్లు చల్లగా ఉండేవి. క్యాన్ చల్లబడినప్పుడు మోటారు ఎందుకు చల్లబడదు? ఆ రాత్రి రూములో అంకయ్యే దబ్బనంతో గోనె సంచిని కొలత పెట్టి కుట్టిచ్చాడు, మెడ దగ్గర నాడా కూడా పెట్టి.

"చొక్కా సరిపోయిందా? కావాలంటే జేబు కూడా పెడతాను," అన్నాడు.

మర్నాడు తాత యార్డు బోరు నీళ్లతో దాన్ని బాగా తడిపి మోటారుకు తొడిగాడు. ఆ సాయంత్రం క్యాంపు చేరేసరికి మోటారు గోరువెచ్చన. మర్నాడూ అంతే. తాత రూములో కాలు చాపుకుని కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడే పెద్దమనిషిలా చల్లదనం గురించి మాట్లాడాడు.

మూడో రోజు, ఇరవై ఎనిమిదో తారీఖు, సగం దారిలో మోటారు ఒకసారి తుమ్మినట్టు అదిరి ఆగిపోయింది. పిడి పైకి వేశాడు, కిందికి వేశాడు. నిప్పురవ్వ తప్ప ఏమీ రాలేదు. పెడలు తొక్కబోతే కుడికాలు ఒక్కటీ ఆ బరువును కదిలించలేకపోయింది. మంచినీళ్ల లారీ ఎక్కించుకుంటే గేటు ఏడింటికి తెరిచాడు. ఇంకో నాలుగు రోజులే ఉన్నాయి.

సాయంత్రం ఖమరుద్దీన్ తన గ్యారేజీలో మోటారు మూత విప్పి లోపలికి చూశాడు. తర్వాత వేలితో తీసి చూపించాడు. నల్లటి పొడి, తెల్లటి ఉప్పు కలిసి తడి ముద్దలా మోటారు లోపలి రాగి పట్టీల మధ్య పేరుకుంది.

"ఇదేందన్నా?"

తాత గోనె చొక్కా సంగతి చెప్పాడు.

"బ్యాటరీకి ఏసీ నీళ్లు సుక్కసుక్క పట్టి పోస్తావు. మోటారుకు బోరు ఉప్పునీళ్లు! క్యాన్‌కు యాడా చిల్లు ల్యాదన్నా. దీనికి గాలాడేదానికి చిల్లులుండాయి. గోనె సంచి నీళ్లు తాపింది, ఇది తాగింది."

తాత తల దించుకున్నాడు. ఆయన తల దించుకున్న సందర్భాలు అవ్వ దగ్గర తప్ప తక్కువ.

ఖమరుద్దీన్ పెట్రోలు తడిపిన గుడ్డతో పట్టీలన్నీ తుడిచి, వాటికి కరెంటు అందించే కొత్త బొగ్గు బ్రష్షులు అరగదీసి సరిపెట్టి, మోటారును మర్నాడు పగలంతా కారు బానెట్ మీద ఎండబెట్టాడు. సాయంత్రానికి అది మళ్లీ 'ఊఁ' అంది. తాత చేతులు చాస్తే ఖమరుద్దీన్ ఇవ్వలేదు.

"ఇది తిరిగినంత మాత్రాన కాదన్నా. యాల కాలిందో సూసినావా? ఇది నేల కడిగే మోటారు. మనిషి నడిసేంత జోరుకు పుట్టింది. నువ్వు దీన్ని గుర్రాల పందేనికి తోలుకపోయినావు. వెనకాల చక్రానికి ఇప్పుడుండే దానికి రెండింతలు పళ్లుండే చక్రం ఎయ్యాల. జోరు సగమైతాది, బలం రెండింతలైతాది. అప్పుడు చొక్కా అక్కర్లే."

"సగమా?" అన్నాడు తాత. "బస్సును దాటద్దా?"

"బస్సును దాటాల్నా, గేటు తెరవాల్నా? ఏదో ఒకటి సెప్పు."

అంకయ్య నోట మాట రాని ఆ కాసేపు ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటుంది. తర్వాత వంగలేని కాలు చాపుకుని సైకిలు పక్కన నేల మీద కూర్చుని, పెడళ్ల దగ్గరుండే పెద్ద పళ్లచక్రం మీద చెయ్యి వేశాడు.

"గిది సరిపోతదా?"

పళ్లు లెక్కపెట్టారు. సరిగ్గా రెండింతలు. కానీ దాన్ని తీసి వెనక చక్రానికి బిగిస్తే బండికి పెడళ్లుండవు. దారిలో మోటారు ఆగితే తొక్కడానికి ఏమీ మిగలదు. ఖమరుద్దీన్ ఆ మాటే అన్నాడు.

"మొన్న తొక్కితె ఏం గదిలింది? తొక్కరాని పెడలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే," అన్నాడు తాత. "ఊడవీకు."

పెడళ్లు పోయిన చోట కాళ్లు పెట్టుకోవడానికి పరంజా చెక్క ముక్క ఒకటి బిగించారు. ఎడమకాలు చాపుకుని కూర్చోవడానికి అదే ఎక్కువ సుఖంగా ఉందని తాత కనిపెట్టాడు. ముప్పై ఒకటిన ఒకసారి పోయి వచ్చాడు. పడిపోలేదు, ఆగలేదు. గంటకు పదకొండు, పన్నెండు కిలోమీటర్ల నడక.

జూన్ ఒకటి. ఐదూ ఇరవైకి తాత బయల్దేరాడు. వెలుతురు వచ్చేసింది, వేడీ వచ్చేసింది. పిడి పైకి, కుడికాలితో ఒక తోపు, బండి కదిలింది. పది గజాలు పోయాక పిడి కిందికి. మలుపు దగ్గర కంపెనీ బస్సు వెనకనుంచి వచ్చి, తాతను దాటి, దుమ్ము పోసి పోయింది. కిటికీలోంచి అంకయ్య సగం బయటికొచ్చాడు.

"పోచన్నా! ముసలెద్దు ఏమంటోంది? మేత కావాలంటోందా?"

తాత చెయ్యి పిడి మీదే ఉంది. అంతకంటే కిందికి వేయడానికి ఏమీ లేదు, ఆ సంగతి చేతికి తెలుసు. దుమ్ములో కళ్లు మూసుకుని, "మాపటికి రూములకు రా, జెప్త తియ్!" అని అరిచాడు. బస్సు అప్పటికే వినలేనంత దూరం పోయింది.

చివరి కిలోమీటరు ఎక్కుడు. సగం ఎక్కాక తాత బండిని తనంతట తనే ఆపాడు. యార్డు గేటు కనిపిస్తోంది, గేటు పక్కన ఖల్ఫాన్ తెల్లకారు కనిపిస్తోంది. అయినా ఆపాడు. మోటారు మీద అరచెయ్యి పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. పది దాకా చెయ్యి తీయకుండా ఉంచగలిగితే మోటారు క్షేమం. ఎనిమిది దగ్గర చురుక్కుమంది, పది దాకా ఉంచాడు. తెల్లకారు వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇంకో పది లెక్కపెట్టాడు, మోటారుకు ఊపిరి తీసుకోనిచ్చాడు. గడువు మీద పడుతుంటే ఆగి నిలబడటం ఎంత కష్టమో ఎవరైనా ఆలోచించుకోవచ్చు. మా ఇంట్లో అంత నిబ్బరం ఇంకెవరికీ రాలేదు.

ఐదు నలభై ఎనిమిదికి తాళంచెవి తాళంలో తిరిగింది.

ఖల్ఫాన్ కారు దిగి వాచీ చూశాడు, గేటు చూశాడు, తర్వాత చాలాసేపు సైకిలు చూసి ఇదేంటని అడిగాడు.

"షూ హాదా? ఏ క్యా హై?"

తాత తన హిందీలో అంతా చెప్పాడు: నేల కడిగే మోటారు, అజాన్‌కు పాసైన బ్యాటరీలు, పైకి వేస్తే మెల్లగా, కిందికి వేస్తే జోరుగా. ఆ హిందీ ఎలా ఉండేదో ఖమరుద్దీన్ అనుకరించి చూపిస్తే కడుపు చెక్కలవుతుంది, కానీ ఖల్ఫాన్ నవ్వలేదు. ఒంగి వైర్లను ఒక్కొక్కటీ వేలితో అనుసరించాడు. లేచి అడిగాడు.

"చార్జింగ్ కహా?"

చార్జింగు ఈ యార్డులోనే, ఫోర్క్‌లిఫ్టుల వరసలోనే. అబద్ధం చెబుదామన్నా దగ్గరలో వేరే ప్లగ్గు లేదు.

"ఇదర్, సాబ్. కంపెనీ కరెంట్."

ఖల్ఫాన్ మళ్లీ బండి వైపు తిరిగాడు. వెనక బ్యాటరీని చేత్తో ఒకసారి ఎత్తి చూసి వదిలేశాడు.

"కిత్నా సామాన్ ఉఠాతా?"

"మై, ఔర్ బీస్ కిలో," అన్నాడు తాత, బండి మోసే బరువు ఎందుకడిగాడో తెలియకుండానే.

ఖల్ఫాన్ ఆఫీసు రేకుల గదిలోకి పోయి జూన్ డ్యూటీ కాగితం తెచ్చాడు. అందులో పోచన్న పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఆయన పెన్ను తీసి ఆ గడిలో గేటు అని రాశాడు. తాత ఊపిరి వదలబోతుండగా కింద ఇంకోటి రాశాడు. కొండ పక్క వాగు దగ్గర ఇంకో పంపుల షెడ్డు ఉంది, కిలోమీటరున్నర దూరం. అక్కడి బ్యాటరీలకు నీళ్లు పోయడానికి మనిషి దొరకడం లేదు. రోజూ పదింటికి పోచన్న నీళ్ల క్యాన్ కట్టుకుని పోయి రావాలి.

"సాబ్," అన్నాడు తాత నీరసంగా, "మేరా లైట్ డ్యూటీ..."

"ఖలాస్ లైట్ డ్యూటీ," అన్నాడు ఖల్ఫాన్, మొదటిసారి నవ్వి. "ఫిట్. చార్జింగ్ మాఫీ ముష్కిల్." చార్జింగుకు ఇబ్బందేమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, కాగితం తాత చేతిలో పెట్టి కారెక్కాడు.

సాయంత్రం అంకయ్య ఆ కాగితాన్ని రూములో అందరికీ వినపడేలా చదివాడు. తాత మంచం మీద కూర్చుని గంటసేపు విసుక్కున్నాడు: మోకాలు విరిగినోనికి రెండు డ్యూటీలా, గీ ఖల్ఫాన్‌కు కండ్లు లేవా, నేనేమన్న మోటర్‌నా అని. విసుక్కుంటూనే లేచి, సైకిలును గోడకు ఆనించి, నీళ్ల క్యాన్ పెట్టడానికి బ్యాటరీల పైన చెక్క ఒకటి కొలత పెట్టాడు. అంకయ్య రంపం తెచ్చి ఆ చివర పట్టుకున్నాడు.